తెలుపు మింగిన చెవులు

రాజపాళెం జాగిలాన్ని గొలుసుతో కట్టి ఉంచగా చూసినవాళ్ళు దాన్ని చూసినట్టు కాదు. తెల్లవారుజామున మామిడి తోటలో పట్టీ విప్పి వదలాలి. ముందు నాలుగడుగులు తీరుబడిగా వేస్తుంది. మెడ చాచి ఒకసారి గాలి పీలుస్తుంది. ఆ తర్వాత వెనక కాళ్ళు ముందు కాళ్ళని దాటి పడతాయి, నడుము విల్లులా వంగి సాగుతుంది, నాలుగు పాదాలూ నేల విడిచి ఉన్న క్షణాలే ఎక్కువగా కనిపిస్తాయి. తోట చివరిదాకా వెళ్ళి, వేగం తగ్గించకుండానే తిరిగి, యజమాని కాళ్ళ దగ్గర ఆగుతుంది. అంత వేగమూ అంత అదుపూ ఒకే ఒంట్లో ఉన్న జంతువును మన దేశంలో నేను మరొకదాన్ని చూడలేదు. ముధోల్ జాగిలాల అభిమానులు నాతో వాదనకి వస్తారని తెలుసు, రానివ్వండి.

ఊరి పేరే కుక్క పేరు. తమిళనాడులో విరుదునగర్ జిల్లా, పడమటి కనుమల పాదాల దగ్గర రాజపాళెం. ఆ ఊరి రాజుల కులంవాళ్ళు ఎన్నడో విజయనగర కాలంలో ఆంధ్రదేశం నుంచి తరలివెళ్ళినవాళ్ళనీ, వేట కుక్కల్ని వెంటబెట్టుకునే వెళ్ళారనీ చెప్పుకుంటారు. కుక్కల సంగతి ఎలా ఉన్నా తెలుగు మాత్రం వెళ్ళింది. నేటికీ వాళ్ళ ఇళ్ళల్లో తెలుగే. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రాన్ని ముఖ్యమంత్రిగా ఏలిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఆ ఊరి మనిషే. పక్కనే శ్రీవిల్లిపుత్తూరు, కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద కథని నడిపించిన ఊరు. పాలెగాళ్ళ యుద్ధాల్లో ఈ కుక్కలు ఆంగ్లేయుల గుర్రాల మీద పడ్డాయన్న కథ కూడా ఆ ప్రాంతంలో వినిపిస్తుంది. ఆ కాళ్ళనీ ఆ దవడనీ చూస్తే నమ్మబుద్ధవుతుంది.

అసలు సంగతి వేట. చిప్పిపారై, కన్ని జాతులు కుందేలు వెనక పరిగెత్తేవి, సన్నగా తేలిగ్గా ఉంటాయి. రాజపాళెం అడవిపంది కోసం తయారైన కుక్క. భుజం దగ్గర 65 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తు, లోతైన రొమ్ము, లోపలికి లాక్కున్న పొట్ట, వాటికి తోడు తక్కిన దక్షిణాది జాగిలాల్లో కనిపించని బరువైన ఎముక. పాత వేటగాళ్ళు చెప్పే పద్ధతి వింటే ఒళ్ళు జలదరిస్తుంది. పందిని ఒక్క కుక్క పట్టదు, మూడు నాలుగు కలిసి వెళ్ళాలి. ఒకటి పొదలోంచి లేపుతుంది. పంది ఏ బండకో వెన్ను ఆనించి ఎదురు తిరిగినప్పుడు ఒకటి దాని ఎదుట నిలబడి మొరుగుతూ చూపంతా తన మీదే ఉంచుకుంటుంది. ఆ సందులో మూడోది పక్కనుంచి వచ్చి చెవి పట్టాలి. పట్టాక దూరంగా వేలాడకూడదు, పంది భుజానికి తన ఒంటిని ఆనించి నిలబడాలి. అలా ఆనుకున్న కుక్కని కోర అందుకోలేదు. దీన్ని ఏ మనిషీ నేర్పలేడు. తల్లి వెంట వెళ్ళి నేర్చుకున్నదీ, రక్తంలో వచ్చిందీ కలిస్తేనే అబ్బే విద్య.

ఆ విద్యకి ఆధారం చెవి. పొదల్లో పక్క కుక్క కనిపించదు, దాని మొరుగు వినిపిస్తుంది. యజమాని కనిపించడు, ఆయన కేక వినిపిస్తుంది. వినలేని కుక్క అడవిలోంచి తిరిగి వచ్చే అవకాశం తక్కువ, దాని సంతానం ఊళ్ళో మిగిలే అవకాశం ఇంకా తక్కువ. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, వేట ఆగింది. ఆగవలసిందే, అందులో నాకు రెండో మాట లేదు. ఆ కొండలిప్పుడు శ్రీవిల్లిపుత్తూరు-మేఘమలై పులుల అభయారణ్యం. కానీ వేట ఆగినప్పుడు కుక్కని పరీక్షించే అడవి కూడా పోయింది. ఇక మిగిలిన పరీక్ష ఒక్కటే, రంగు. తెల్లగా ఉందా? ముక్కు గులాబీ రంగులో ఉందా? కనురెప్పల మీద నల్ల మచ్చ లేదు కదా?

నా కోపమంతా ఇక్కడే. ఒక ఈతలో ఆరేడు పిల్లలు పుడతాయి. తెల్లవాటితో పాటు గోధుమరంగువి, చారలవి, నల్లవి కూడా పుట్టేవి. వాటిని పుట్టిన రోజే చంపేయడం తరతరాల అలవాటు. ఆ పిల్లల్లో ఎన్ని మంచి చెవులు, ఎన్ని మంచి గుండెలు మట్టిలో కలిసిపోయాయో ఎవరు లెక్క చెబుతారు? అసలే కొద్దిపాటి కుక్కలున్న జాతిలో రంగు కోసం కొన్నిటిని తీసేసి, మిగిలినవాటిని అన్నాచెల్లెళ్ళ వరసలో జతకట్టిస్తే ఏమవుతుందో అదే అయింది. రాజపాళెంలో చెవుడు ఇంటి జబ్బయింది.

కారణం అంతుపట్టనిదేం కాదు. ఒంటికి రంగునిచ్చే కణాలు లోపలి చెవికి కూడా కావాలి. అక్కడ అవి లేకపోతే శబ్దాన్ని అందుకునే కణాలకి పోషణ అందక, పుట్టిన కొన్ని వారాల్లోనే అవి చచ్చిపోతాయి, మళ్ళీ పుట్టవు. డాల్మేషియన్లలోనూ ఇదే గొడవ. అమెరికాలో పరీక్షించిన వాటిలో సుమారు 30 శాతానికి ఒక చెవైనా వినపడదని తేలింది. రెండు చెవులూ పోయిన పిల్లని ఎవరైనా గుర్తుపడతారు. ఒక చెవి పోయినదే ప్రమాదం. పిలిస్తే పలుకుతుంది, బాగానే ఉందనుకుంటారు, దాన్నే పెంపకానికి వాడతారు, చెవుడు తర్వాతి ఈతకి చేరుతుంది. మెదడు తరంగాల ద్వారా ఒక్కో చెవినీ విడిగా పరీక్షించే యంత్రాలున్నాయి, అయిదారు వారాల వయసు నుంచే చూడవచ్చు. మన దగ్గర ఆ సౌకర్యం అరుదు.

అది లేకపోయినా కళ్ళుంటే కొంత తెలుస్తుంది. రాజపాళెం దగ్గరి ఒక తోటలో నేనెరిగిన పెద్దాయన ఉన్నారు, పేరు రాయడం ఆయనకి ఇష్టముండదు. పిల్లలు నిద్రపోతుండగా దగ్గర కూర్చుని, తాళాల గుత్తిని మెల్లగా ఆడిస్తారు. చప్పట్లు కొట్టరు, నేల తన్నరు. చప్పట్ల గాలి తగిలి, నేల అదురు తెలిసి చెవిటి పిల్ల కూడా లేస్తుంది. మిగతా పిల్లలు లేస్తే ఆ కదలిక తగిలి లేచేది ఇంకొకటి. అందుకే ఒక్కోదాన్నీ విడిగా పడుకోబెడతారు. అన్నిటికన్నా గొప్ప విషయం, పిల్ల ఏ పక్కకి తిరిగి పడుకుందో చూస్తారు. మంచి చెవి కిందికి పెట్టి పడుకున్నప్పుడు లేవక, రెండో పక్కకి తిరిగి పడుకున్నప్పుడు లేస్తే దానికి ఒక చెవి లేనట్టే. యంత్రం లేకుండా ఒంటి చెవి చెవుడు కనిపెట్టిన ఆ ఓపికకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. అలాంటివాళ్ళ దగ్గర ఈ జాతి ఇంకా బతికి ఉంది.

తెలుపు చెవులతో ఆగదు, చర్మం దాకా వస్తుంది. పొట్ట మీద, ముక్కు మీద వెంట్రుక పలుచన. మధ్యాహ్నపు ఎండకి కందిపోతుంది, ఏళ్ళ తరబడి కందితే పుండ్లు పడుతుంది. పగలు తప్పనిసరిగా నీడ ఉండాలి, పరుగు పొద్దున్నా సాయంత్రమూ. గజ్జి తొందరగా పట్టే ఒళ్ళు, రోజూ చేత్తో తడిమి చూడాలి. తెల్లటి ఒంటి మీద పిడుదులు ఇట్టే కనిపిస్తాయి కాబట్టి కనిపించలేదన్న సాకు చెల్లదు. పిడుదు జ్వరాలు బలమైన కుక్కని కూడా నాలుగు రోజుల్లో పడగొడతాయి. బొచ్చూ కొవ్వూ తక్కువ కావడంతో గచ్చు మీద పడుకుంటే మోచేతులు కాయలు కాస్తాయి, గోనెపట్టా మీద పాత బొంత పరిస్తే చాలు.

తిండి విషయంలో ఆ ఊరివాళ్ళు దీన్ని ఎప్పుడూ గారాబం చేయలేదు. సద్ద సంగటి, రాగి సంగటి, మజ్జిగ, దొరికిన రోజు మాంసం. ఇప్పుడు రోజూ గుడ్డో మాంసమో కలపండి, మంచిదే. లావెక్కించకండి. చివరి పక్కటెముకలు లీలగా కనిపించడమే దీని ఆరోగ్యం. తిన్న గంటలోపు పరిగెత్తించకూడదు, లోతైన రొమ్మున్న కుక్కల్లో కడుపు మెలిపడితే గంటల్లో ప్రాణం పోతుంది. కొవ్వు తక్కువైన వేట జాగిలాలు కొన్ని మత్తుమందుల నుంచి ఆలస్యంగా తేరుకుంటాయి కాబట్టి ఆపరేషన్ అంటే పశువైద్యుడికి జాతి ముందే చెప్పాలి. టీకాలు, నట్టల మందు అన్ని కుక్కలకీ ఉన్నవే.

మనసు తెలుసుకోవడం మాత్రం వీటన్నిటికన్నా కష్టం. ఇది ఒక మనిషికి కట్టుబడే జంతువు. కొత్తవాడు తల నిమరబోతే పక్కకి జరుగుతుంది, రెండోసారి పళ్ళు చూపిస్తుంది. దాన్ని పొగరనకండి. ఇంట్లో కోళ్ళూ మేకలూ ఉంటే పాలు మరిచిన వయసులోనే వాటి మధ్య తిప్పాలి, లేకపోతే తర్వాత పరిగెత్తేదల్లా దానికి వేటే. ఆరడుగుల ప్రహరీ, రోజూ విప్పి వదలగల తోట, దాన్ని ఏనాడూ అరిచి కొట్టని మనిషి, ఈ మూడూ లేనిచోట రాజపాళేన్ని పెంచకూడదు. మూడో అంతస్తు ఫ్లాటులో బాల్కనీ కడ్డీకి కట్టేసిన రాజపాళేలు నాకు తెలుసు. మూణ్ణెల్లలో అవి తోక కొరుక్కోవడం మొదలుపెడతాయి, తర్వాత మనిషిని కరుస్తాయి, తర్వాత రోడ్డు పాలవుతాయి. నేరం ఎవరిదో వేరే చెప్పాలా?

బజారులో ఆ పేరుతో అమ్ముతున్నవి చూస్తే కడుపు మండుతుంది. గ్రేట్ డేన్ రక్తం కలిపి ఎత్తు పెంచినవి, లాబ్రడార్‌తో కలిసి బొచ్చు దట్టమైనవి, పెదాలు వేలాడేవి, తెల్లగా ఉన్న ప్రతిదీ రాజపాళెమే. ముక్కు గులాబీగా ఉందని ఎంతైనా ఇచ్చి కొంటారు. దాని కాలు ఎలా పడుతుందో, పేరు పెట్టి పిలిస్తే తల తిప్పుతుందో లేదో చూడరు. తపాలా శాఖ 2005లో దీని బొమ్మతో బిళ్ళ వేసింది. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ ముధోల్, చిప్పిపారైలతో పాటు దీన్నీ దేశీయ జాతిగా నమోదు చేసింది. 2020 ఆగస్టులో ప్రధాని మన్ కీ బాత్‌లో దీని పేరు చెప్పారు. గౌరవాలకేం, వస్తున్నాయి. 2024లో లక్నోలో జరిగిన అఖిల భారత పోలీస్ డ్యూటీ మీట్‌లో సరిహద్దు భద్రతా దళానికి చెందిన రియా అనే ముధోల్ విదేశీ జాతుల్ని ఓడించి, మేటి జాగిలంగా నిలిచింది. ముధోల్ వాళ్ళకి నా నమస్కారం. మా కుక్క ఎందులో తక్కువని? ముక్కూ కాలూ ధైర్యమూ అన్నీ ఉన్నాయి. చెవి ఉంటేనే కదా ఏ దళమైనా చేర్చుకునేది!

తెలుగు రాష్ట్రాల్లో తోటలున్నవాళ్ళు చాలామంది ఈ కుక్క కోసం వెతుకుతున్నారు. వాళ్ళకి నా విన్నపం. పిల్లని ఫోటోలో చూసి డబ్బు పంపకండి. వెళ్ళి తల్లినీ తండ్రినీ కళ్ళారా చూడండి, రెండిటినీ వెనకనుంచి పిలిచి చూడండి. ఎనిమిది వారాలు దాటేదాకా పిల్లని తెచ్చుకోకండి, తెచ్చుకునే ముందు తాళాల గుత్తి పరీక్ష మీరే చేయండి. పరీక్షకి ఒప్పుకోని పెంపకందారు ఎంత పేరున్నవాడైనా లేచి వచ్చేయండి. చెవిటి పిల్ల ఇంటికి వచ్చిందా, చంపకండి, వదిలేయకండి. చేతి సైగలతో అది అన్నీ నేర్చుకుంటుంది, గోడ దాటకుండా చూసుకోండి, పిల్లలు పెట్టకుండా ఆపరేషన్ చేయించండి. ఇక ఆ ఈతలో గోధుమరంగుదో చారలదో పుట్టిందేమో అడగండి. పుట్టిందంటే, దానికి చెవులూ కాళ్ళూ బాగుంటే, తెల్లదాని ధరే ఇచ్చి దాన్నే తెచ్చుకోండి.