గ్రాఫిక్స్ కార్డు పనితనం

ఫుల్ హెచ్‌డీ తెర మీద 20,73,600 చుక్కలుంటాయి. సెకనుకు 60 సార్లు వాటన్నిటికీ రంగు తేల్చాలంటే ఒక్కో ఫ్రేముకు దక్కేది 17 మిల్లీసెకన్ల లోపే. ఆ కాస్త వ్యవధిలో గ్రాఫిక్స్ కార్డు చూపే శ్రద్ధ నాకెంతో ముచ్చటేస్తుంది. రేసింగ్ గేములో రోడ్డు దూరమయ్యేకొద్దీ తెల్లగీతలు అలుక్కుపోకుండా, ఏటవాలు చూపుకు తగ్గట్టు టెక్స్చర్ నుంచి అదనపు నమూనాలు తీసుకుని అనైసోట్రాపిక్ ఫిల్టరింగ్ వాటిని స్ఫుటంగా నిలబెడుతుంది. కరెంటు తీగ, కంచె, ఆకు అంచు తెగి తెగి కనబడకుండా యాంటీ ఏలియాసింగ్ ఆ అంచు చుక్కల్లో రెండు వైపుల రంగులనూ కలుపుతుంది. ఎంత ఓపికైన పని! వీడియో సంగతి వేరు. కంప్రెస్ చేసిన వీడియోలో చాలా ఫ్రేములు పూర్తి బొమ్మలు కావు. పక్క ఫ్రేములోని ఏ ముక్క ఎటు జరిగిందో, ఏం మారిందో చెప్పే లెక్కలు. కార్డులోని డీకోడర్ వాటిని విప్పి మళ్లీ బొమ్మ కడుతుంది. అందుకే ప్రాసెసర్ పాతదైనా, ఆ ఫార్మాట్ తెలిసిన కార్డుంటే 4కే సినిమా తడబడకుండా సాగుతుంది. ఇంటర్లేస్డ్‌గా తీసిన పాత పెళ్లి వీడియోల్లో, అక్షతలు వేసే చేతుల చుట్టూ దువ్వెన పళ్లలా లేచే గీతల్ని కూడా కార్డు డీఇంటర్లేసింగ్‌తో సర్దిపెడుతుంది.