సూర్యకాంతం ఎడమచెయ్యి

దబీర్‌పురా స్టేషన్ దగ్గర మా అద్దె గదిలో టీవీలో ‘గుండమ్మ కథ’ వస్తుంటే, పక్కింటి ఖాలా గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆవిడకు తెలుగు ముక్క రాదు. అయినా నటి సూర్యకాంతం ఎడమచెయ్యి లేవగానే పకపకా నవ్వింది. ఆ చెయ్యి పనితనమే అంత! మణికట్టు తిరుగుతుంది, వేళ్లు విడివడి ఎదుటివాళ్ల ముఖం దాకా వెళ్తాయి, మెడ ఓ పక్కకు వాలుతుంది. తిట్టు ఏమిటో వినక్కర్లేదు, కంటికే తెలిసిపోతుంది. 1962 నాటి ఆ సినిమాలో రామారావు, నాగేశ్వరరావు, రంగారావు, సావిత్రి, జమున ఉన్నా పేరు మాత్రం సూర్యకాంతం వేసిన గుండమ్మదే. సవతి కూతురు లక్ష్మిని కసిరిన గొంతే కన్నకూతురు సరోజ దగ్గర వెన్నలా కరుగుతుంది. నాకైతే అన్నిటికన్నా ఇష్టం, ఛాయాదేవి దుర్గమ్మగా వచ్చి గదిలో పెట్టి తాళం వేసినప్పటి గుండమ్మ. ఇల్లంతా గడగడలాడించిన మనిషి బేలగా చూస్తుంటే మన గుండె కలుక్కుమంటుంది. గయ్యాళి మీద జాలి పుట్టించడం ఎంత కష్టం! ఆడపిల్లకు సూర్యకాంతం అని పేరు పెట్టడానికి తెలుగువాళ్లు జంకేంతగా నమ్మించిందావిడ. సెట్‌కి మాత్రం ఇంట్లో వండిన పదార్థాలు తెచ్చి అందరికీ కొసరి కొసరి పెట్టేదట. సినిమా అయ్యాక, “హాత్ దేఖో బేటా, హాత్!” అంటూ ఖాలా తన ఎడమచెయ్యి తిప్పి చూపించింది.