నాటకమునకు బ్రతుకు హక్కు గలదా?

ఒక నాటకము బ్రతుకదగినదా, కాదా యను వివాదము రంగస్థలమంత ప్రాచీనమైనది. వీథినాటకమున కథ రక్తి కట్టనిచో జనులు చాపలు చుట్టుకొని యిండ్లకుఁ బోవుదురు. అంతటితో తీర్పు ముగియును. టెలివిజను నాటకమున కట్టి సౌకర్యము లేదు. ప్రేక్షకుఁ డెవని యింట వాఁడు కూర్చుండును. వాఁడు కన్నీరు కార్చినను, ఆవులించినను నాటకకర్త చూడఁజాలఁడు. కావున అచ్చట నాటకముయొక్క ఆయుర్దాయమును లెక్కలు నిర్ణయించుచున్నవి. ఆ లెక్కల తీర్పును ప్రేక్షకులే యొకసారి ధిక్కరించిరి. 2007 సంవత్సరమున అమెరికాలో నడచిన ఆ వివాదమును మా పాఠకుల ముందు నిలుపఁదలఁచితిమి; ఏలయనగా అందలి ప్రశ్న మన యిండ్లకును సంబంధించినదే.

ఆ నాటకము పేరు జెరికో. సి.బి.యస్. సంస్థవారు దానిని 2006 సెప్టెంబరు 20వ తేదీన ప్రారంభించిరి. కాన్సాసు రాష్ట్రమున జెరికో యను నొక చిన్న యూరు. ఒకనాఁడు ఆ యూరివారికి దూరమున డెన్వరు నగరముపై అణుమేఘము కనఁబడును. దేశమున నింకను పెక్కు నగరములు నాశనమైనవని క్రమముగా తెలియవచ్చును. తపాలా లేదు, విద్యుత్తు లేదు, ప్రభుత్వము లేదు. అంగడిలో పనిచేయు డేలు అను బాలుని తల్లి టెలిఫోను యంత్రమున విడిచిన మాటలు నడుమనే తెగిపోవును. ఆ తెగిపోవుటవలననే అట్లాంటా నగరమును పోయినదని మనము గ్రహింతుము. ఒక్క శవమును చూపకయే యింత దుఃఖమును తెలిపిన ఆ ఘట్టము ఉత్తమ నాటకకర్త చేయఁదగిన పని.

ఈ కథకు మూలమైన ప్రశ్న యేమనగా: రాజ్యము నశించిన పిమ్మట ఒక యూరు దేనివలన ఊరుగా నిలుచును? దీనికి మొదటి సంవత్సరపు భాగములు ఉపన్యాసములతోఁ గాక ఉప్పుతోను, ధాన్యముతోను, గాలిమరలతోను సమాధానము చెప్ప యత్నించెను. జెరికోకు ఉప్పుగని యున్నది; పొరుగున నున్న న్యూబెర్ను పట్టణమునకు గాలిమరలను చేయు యంత్రశాల యున్నది. మొదట బేరము, పిదప అనుమానము, తుదకు యుద్ధము. పన్ను లెక్కలు చూడవచ్చిన మిమీ యను నుద్యోగిని తాను పన్ను వేయవచ్చిన రైతు యింటనే తలదాఁచుకొనవలసి వచ్చును. అంగడి యజమానురాలి మరణానంతరము డేలు సరకులను తన గుప్పిట నుంచుకొని, అనాథ బాలుఁడై యుండి క్రమముగా కఠిన వర్తకుఁడగును. ఇవి యెల్లయు కల్పితములే యైనను, కఱవు చూచిన వారెవ్వరును వీనిని అబద్ధములనఁజాలరు.

అట్లని దోషములు లేవని మేము చెప్పము. కథానాయకుఁడగు జేకు గడచిన కాలమును గూర్చిన రహస్యమును వలసినదానికంటె ఎక్కువకాలము దాఁచిరి. ఇరువురు స్త్రీల నడుమ ఆతనిని నిలిపి చేసిన ప్రణయకలహము ఊరి యాఁకలి ముందు వెలవెలఁబోయినది. విషపు వాన యొక రాత్రి భయపెట్టి మఱునాఁటికి మఱపునకు వచ్చినది. హాకిన్సు అను గూఢచారి వృత్తాంతము ఊరి కథను పక్కకు నెట్టుచు వచ్చినది. అదియునుఁగాక నవంబరు చివర ప్రదర్శనమును నిలిపి ఫిబ్రవరిలో మరలఁ బ్రారంభించిరి. మొదటినాఁడు కోటికి మించిన ప్రేక్షకులు చూచిన యీ నాటకమున కా విరామానంతరము ప్రేక్షకులు తగ్గిపోయిరి. ఇరువదిరెండు భాగములు ముగియఁగానే, 2007 మే నెలలో సంస్థవారు దానిని రద్దుపఱచిరి. అప్పటికి కథ యెచ్చట నున్నదనుకొనుచున్నారు? ఊరిపెద్ద జాన్‌స్టను గ్రీను గాయపడి మరణించెను. న్యూబెర్ను సేన యూరిమీఁదికి వచ్చుచున్నది. లొంగిపొమ్మని శత్రువు కోరఁగా జేకు 'నట్స్' అని యొక్కమాట చెప్పెను. అచ్చటనే తెర దించిరి.

ఆ మాటకు చరిత్ర యున్నది. 1944 డిసెంబరు 22వ తేదీన బాస్టోన్ పట్టణమున చుట్టుముట్టఁబడిన అమెరికను సేనాని మెకాలిఫు, లొంగిపొమ్మనిన జర్మనులకు పంపిన ప్రత్యుత్తరమది. వ్యవహారమున అది తిరస్కారవాక్యము, నిఘంటువున గింజలు. ప్రేక్షకులు ఈ రెండర్థములను కలిపి న్యూయార్కులోని సంస్థ కార్యాలయమునకు వేరుసెనగలు పంపసాగిరి. అట్లు చేరినవి యిరువది టన్నులకు మించినవని యానాఁటి పత్రికలు వ్రాసినవి. 2007 జూను 6వ తేదీన సంస్థ వినోదవిభాగాధ్యక్షురాలు నీనా టాస్లరు ప్రేక్షకులకు లేఖ వ్రాసి, మఱి యేడు భాగములు తీయింతుమనియు, నాటకము నిలువవలెనన్న క్రొత్త ప్రేక్షకులను తేవలసిన భారము వారిదే యనియు, దయచేసి ఇక వేరుసెనగలు పంపవలదనియు తెలిపెను.

నాటకము బ్రతికెను, వివాదము మాత్రము చావలేదు. ప్రేక్షకులలో మూఁడు పక్షము లేర్పడినవి. 'చూచువారము మేమున్నాము, మమ్ము లెక్కింపక చంపితి'రని మొదటి పక్షము. 'తగినంతమంది చూడని నాటకమును నడుపుటకు సంస్థ సత్రము కాదు. ఇంతకంటె మేలైనవి నిశ్శబ్దముగా చచ్చినవి. ఎవరు గట్టిగా అఱచిన వారి నాటకము బ్రతుకునా?' యని రెండవ పక్షము. 'మొదటి భాగములు చక్కగా నున్నవి; సాగఁదీసి చెఱుపుటకంటె ఆపుటయే మే'లని మూఁడవ పక్షము. మేము ఈ నాటకమును ఇటీవల మా యింట వరుసగా చూచితిమి. మా జ్యేష్ఠపుత్రిక మొదటి పక్షమును పట్టెను. మా గృహిణి కొంతసేపు విని, 'నాటకము మంచిదా కాదా యని మీరు వాదించుచున్నారు. నే నడుగునది వేఱు. ఆ పెద్దాయన చచ్చిన పిమ్మట ఆ యూరి గతి యేమైనదో చెప్పక ఇంటికి పొమ్మనుట మర్యాదయేనా?' యనెను. ఈ విమర్శ యంతయు ఆ యొక్క ప్రశ్నకు వ్యాఖ్యానమని పాఠకులు భావింపవచ్చును.

మొదట లెక్కను గూర్చి. ఆనాఁడు అమెరికాలో నీల్సను సంస్థవారు దేశమందలి యిండ్లన్నిటిని లెక్కింపలేదు. ఎన్నుకొన్న కొన్నివేల గృహములలో మాత్రము యంత్రములు అమర్చి, అందుండి దేశమంతటిని అంచనా వేసిరి. శాస్త్రరీత్యా ఇది తప్పు కాదు. అన్నము మెదిపి చూచుటకు రెండు మెతుకులు చాలును. కాని దీని ఫలమేమి? యంత్రము లేని యింటివాఁడు ప్రతి వారమును భక్తితో చూచినను ఆతని చూపు లెక్కకు రాలేదు. వేరుసెనగలు పంపినవారిలో అధికసంఖ్యాకు లిట్టివారే యై యుందురు. వారిని 'క్రొత్త ప్రేక్షకులను తెండు' అనుట, ఓటు లేనివానిని పిలిచి ఎన్నికలో గెలిపింపుమనుటవంటిది. ఇదిగాక ఈ లెక్క ప్రకటనదారుల కొఱకు పుట్టినది. ఎందఱు చూచిరో యది చెప్పును. చూచినవారి మనస్సున నేమి నిలిచెనో చెప్పదు.

అయినచో కేకలే ప్రమాణమా? మన భరతముని యీ చిక్కును ఎఱిఁగినవాఁడు. ఆయన నాటకసిద్ధిని మానుషి, దైవికి యని రెండు విధములుగా చెప్పెను. చిఱునవ్వు, పెద్దనవ్వు, మెచ్చుకోలు, అయ్యో యనుట, పులకించుట, వస్త్రములను ఉంగరములను బహూకరించుట మానుషికి గుర్తులు. రంగము నిండియుండియు చప్పుడుగాని కలఁతగాని లేకుండుట దైవికికి గుర్తు. వివాదము కలిగినప్పుడు తీర్పు చెప్పుటకు ప్రాశ్నికులను నియమించి, అభినయమును నర్తకుఁడును, ఛందస్సును ఛందోవేత్తయు, శబ్దమును వైయాకరణుఁడును పరీక్షింపవలెనని విధించెను. ఈ దృష్టితో చూడఁగా ఇరువది టన్నుల వేరుసెనగలు మానుషసిద్ధియే. అందు సందేహము లేదు. నీల్సనువారు రంగము నిండినదా లేదా యని మాత్రమే చూచిరి. నాటకమునందలి యే భాగము ఎట్లున్నదని పరీక్షించు ప్రాశ్నికుని స్థానము ఇరుపక్షములయందును శూన్యముగానే యుండెను.

ఆ ప్రాశ్నికుఁడు మొదట చూడవలసినది సంధులను. ముఖము, ప్రతిముఖము, గర్భము, విమర్శము, నిర్వహణము అని అయిదు సంధులు గదా. టెలివిజను ధారావాహికకు నాలుగే యున్నవి. నిర్వహణము ప్రకటనదారుని చేతిలో నున్నది. లాభమున్నంతకాలము కథ ముగియరాదు. లాభము పోయిననాఁడు ముగించుటకు వ్యవధి లేదు. జెరికోకు మే నెలలో జరిగినది మరణము కాదు, శిరచ్ఛేదము. మా గృహిణి ప్రశ్నలోని న్యాయ మిదియే. ప్రేక్షకునకు నాటకమును ఎల్లకాలము బ్రతికించు హక్కు లేదు. కాని కథ చెప్పెదను రమ్మని పిలిచి, ఇరువదిరెండు రాత్రులు కూర్చుండఁబెట్టినవాఁడు ముగింపునకు ఋణపడియున్నాఁడు. ఆ ఋణమును వసూలు చేయుటకు వేరుసెనగలు పంపుట హాస్యాస్పదముగా తోఁచవచ్చును గాని, అన్యాయము కాదు.

ఆ యేడు భాగములు 2008 ఫిబ్రవరి 12 మొదలు మార్చి 25 వఱకు ప్రదర్శింపఁబడినవి. ప్రేక్షకులు సుమారు అఱువది లక్షలకు తగ్గిరి; నాటకము మరల రద్దయ్యెను. కాఁబట్టి రెండవ పక్షమువారు 'మేము చెప్పలేదా?' యనిరి. మేము అట్లు తలంపము. ఈ భాగములలో తొందర యున్నది. ఊరి కథ దేశపు కథయై, షెయెన్ రాజధానిగా క్రొత్త రాజ్యమును, దాని వెనుక నిలిచిన వర్తకసంస్థయు, కిరాయి సైనికులును వచ్చి పడిరి. వినికిడి లేని బాలిక బానీ మరణమునకు ఊరు ఏడ్చుటకైన వ్యవధి యియ్యలేదు. అయినను క్రొత్త ప్రభుత్వము బడిపిల్లలకు చరిత్రను తిరుగవ్రాసిన పాఠ్యపుస్తకములను పంపు ఘట్టమును, ఉపాధ్యాయవృత్తియందున్న మేము సులభముగా మఱవఁజాలము. తుపాకి చేయలేని పనిని వాచకము చేయునని నాటకకర్తలు గ్రహించిరి. అన్నిటికంటె ముఖ్యముగా, తమ యాయువు ఏడు భాగములేయని ముందుగనే తెలిసియుండుటచేత వారు రెండు ముగింపులను చిత్రించి యుంచిరి: బ్రతికినచో నొకటి, చచ్చినచో నొకటి. రెండవది ప్రదర్శింపఁబడెను. అది సంపూర్ణ నిర్వహణము కాదు. కథ తరువాత చిత్రకథల పుస్తకములలో కొనసాగినది. కాని ప్రేక్షకుఁడు తలుపు మూసిన చప్పుడు విని లేచెను, మొగముమీఁద మూయఁబడలేదు.

దీనికి పూర్వోదాహరణ మొకటి కలదు. 1966లో యన్.బి.సి.వారు ప్రారంభించిన స్టార్ ట్రెక్ రద్దగునని విని ప్రేక్షకులు లక్షకు మించిన లేఖలు వ్రాసిరఁట. 1968 మార్చిలో సంస్థవారు నాటకము కొనసాగునని ప్రకటించి, మూఁడవ సంవత్సరమున దానిని శుక్రవారము రాత్రి పది గంటలకు నెట్టిరి; ధనమును తగ్గించిరి; సృష్టికర్త రాడెన్‌బెర్రీ నిత్యపర్యవేక్షణమునుండి తొలఁగెను. ఆ సంవత్సరపు కథలు పూర్వపు వానికంటె నీరసములని అభిమానులే పలువు రొప్పుకొందురు. 1969 జూనులో నాటకము ముగింపు లేకయే ఆగెను. ఐనను డెబ్బదితొమ్మిది భాగములు చేతనుండుటచే ఇతర కేంద్రములవారు మరల మరల ప్రదర్శింపఁగా అది తరువాతి తరములకు ప్రియమయ్యెను. అచ్చట ప్రేక్షకులకు దీర్ఘాయువు దొరకినది, ముగింపు దొరకలేదు. ఇచ్చట అల్పాయువు దొరకినది, ముగింపువంటిది దొరకినది. కీర్తిదృష్టితో మొదటిది గెలిచినది. కథాదృష్టితో చూచు మాకు రెండవది న్యాయముగాఁ దోఁచుచున్నది.

కావున మా తీర్పు: జెరికో లోపములు గల మంచి నాటకము, ఏండ్ల తరబడి నడువఁదగినదని మేము చెప్పఁజాలము గాని, ముగియుటకు తప్పక తగినది. బ్రతుకఁదగినదా యని కాక, ముగియుటకు వ్యవధి దొరకెనా యని ప్రేక్షకులు అడిగినచో మూఁడు పక్షములకును వివాదమే యుండకపోవును.

ఇఁక మన యింటిమాట. మన తెలుఁగు ధారావాహికలలో వెయ్యి భాగములు మించినవి కలవు. కథ చచ్చి యేండ్లైనను, లెక్క బాగుండుటచే అత్తయు కోడలును అదే విషపుగిన్నె చుట్టు తిరుగుచునేయుందురు. అచ్చట నిర్వహణమునకు ముందే గొంతు కోయుదురు. ఇచ్చట నిర్వహణమును దాఁటించి శవమును నడిపింతురు. రెంటికిని లెక్కయే కర్త. ఒక మంచి నాటకమును ముగింపనిండని వేరుసెనగలు పంపిన గృహస్థులు అచ్చట నుండిరి. ముగిసిన నాటకమును ఇఁక ఆపుఁడని మనము ఒక్క యుత్తరమైనను వ్రాసితిమా? వ్రాయకున్నను ఒక్క పని మన చేతిలో నున్నది. వీథినాటకము ముందునుండి మన తాతలు చాప చుట్టుకొని లేచినట్లు, మనము లేచి యంత్రము నాపవచ్చును. ఆ లేచుటను ఏ లెక్కయు చూడకపోవచ్చును. మన యింటి పిల్లలు చూతురు.