కరెంటు పోయి వచ్చినప్పుడు

మా ఇంటి వెనక వరండాలో పరిచిన కడప బండ మీద జానెడు గాటు ఒకటి ఉంది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం గేటు కమ్మీ కోస్తుంటే కరెంటు పోయింది. గ్రైండర్‌ను బండ మీద పెట్టి లోపలికి పోయాను. స్విచ్ ఆపలేదు. ముందుకు తోస్తే అక్కడే నిలిచిపోయే స్లైడు స్విచ్ అది. పది నిమిషాలకు కరెంటొచ్చింది. మిషను దానంతటదే తిరగడం మొదలుపెట్టి, ఎగిరి, బండను గీరుకుంటూ పోయి, తన వైరును తానే తెంపుకుని ఆగింది. అంతకు కాసేపటి ముందు మా పాప అక్కడే కూర్చుని మేకులు ఏరుతోంది.

అప్పటినుంచి ఎవరైనా వచ్చి “ఏ కంపెనీ గ్రైండర్ మంచిదన్నా?” అని అడిగితే కంపెనీ పేరు చెప్పను. “దేన్ని కోస్తావు నాయనా?” అని అడుగుతాను. మా కడప జిల్లాలో ఆ ప్రశ్నకు ఊరికో జవాబు.

ప్రొద్దుటూరు అనగానే బయటివాళ్లకు బంగారం అంగళ్లు గుర్తొస్తాయి. నాకు వెల్డింగ్ షాపులు గుర్తొస్తాయి. గేట్లు, కిటికీ గ్రిల్లులు, ట్రాక్టరు ట్రాలీలు. అక్కడ యాంగిల్ గ్రైండర్ అనే మాట తక్కువ. ఏజీ ఫోర్, ఏజీ ఫైవ్, ఏజీ సెవెన్ అంటారు. ఆ అంకె వీల్ ఎన్ని అంగుళాలో చెబుతుంది. బండలు కోసే మార్బుల్ కట్టర్‌ది సీఎం ఫోర్ అని వేరే పేరు. జర్మనీలో ఫ్లెక్స్ కంపెనీ 1954లో ఈ రకం మిషను తెచ్చింది. అక్కడివాళ్లు ఏ కంపెనీ మిషనునైనా ఇప్పటికీ ఫ్లెక్స్ అనే పిలుస్తారు.

కొనేవాడి కన్ను సాధారణంగా ఏజీ సెవెన్ మీద పడుతుంది. పెద్దది కొంటే అన్నిటికీ పనికొస్తుందని ఆశ. ఇంటికి అది పనికిరాదు. నాలుగంగుళాల మిషను రెండు కిలోల లోపే ఉంటుంది, మూడు ఆంపియర్లతో నడుస్తుంది. ఏడంగుళాలది బరువు, కరెంటు రెండూ రెట్టింపు దాటిపోతాయి. పల్లెలో వోల్టేజీ తక్కువైన సాయంత్రం, సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు చివర దాన్ని నడిపితే మోటారు ఆర్మేచర్ కాలుతుంది. నిచ్చెన మీద నిలబడి తల ఎత్తున పట్టుకుంటే చేతులు ఓర్వవు.

చిన్నది కదా అని దాన్నీ తేలిగ్గా చూడకూడదు. నాలుగంగుళాల మిషను నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. వీల్ అంచు వేగం లెక్క కడితే గంటకు 207 కిలోమీటర్లు. మన చేతిలోంచి ముఖానికి ఉన్న దూరం మూర. అందుకే వీల్ మీద అచ్చువేసిన అంకె చదవాలి. నాలుగంగుళాల మంచి వీల్ మీద 15,300 అని ఉంటుంది. ఆ అంకె మిషను మీది అంకెకన్నా ఎక్కువే ఉండాలి. రంధ్రం చుట్టూ ఉన్న రేకు రింగు మీద గడువు తేదీ కూడా ఉంటుంది, దాన్ని చూసేవాళ్లు అరుదు. జిగురుతో అతికిన వీల్ చెమ్మకు, కాలానికి బలం కోల్పోతుంది. మూడేళ్లు దాటినదాన్ని పారేయాలి.

షాపుల్లో నేను ఎక్కువగా చూసే తప్పు వీల్‌ను కప్పే గార్డు తీసేయడం. పెద్ద వీల్ పట్టాలనో, మూలలోకి దూరాలనో తీస్తారు. మళ్లీ పెట్టరు. ఒక మిల్లీమీటరు కటింగ్ వీల్ పక్కభాగంతో వెల్డింగ్ గడ్డను అరగదీయడం రెండో తప్పు. ఆ వీల్ అంచుతో కోయడానికే చేసింది, పక్కనుంచి ఒత్తితే ముక్కలవుతుంది. అరగదీయడానికి ఆరు మిల్లీమీటర్ల మందం వీల్ వేరే ఉంది. ఇక గ్రైండర్‌కు చెక్క కోసే పళ్ల బ్లేడు బిగించడం తప్పు అనే మాటకు కూడా అందదు. పన్ను చెక్కలో ఇరుక్కున్న క్షణంలో మిషను మనిషి మీదికి తిరుగుతుంది. అమ్మేవాళ్లు ఉన్నా కొనొద్దు.

జమ్మలమడుగు వైపు పోతే ఇనుము సంగతి వెనక్కి పోయి రాయి ముందుకొస్తుంది. ఎర్రగుంట్ల, నిడుజివ్వి చుట్టుపక్కల పొరలు పొరలుగా లేచే నాపరాయే దేశమంతా కడప బండ. చెన్నైలో వంటగట్టుకు, బెంగళూరులో అల్మారా అరకు మన జిల్లా పేరే చెప్పి కొంటారు. కడప ఇంగ్లీషు స్పెల్లింగు 2005లో మారింది గానీ రాళ్ల అంగళ్ల బోర్డుల మీద పాతదే కనిపిస్తుంది. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1872లో ఈ ప్రాంతం మీద అచ్చువేసిన గ్రంథంలో ఈ సున్నపురాయి పొరలున్న వరుసకు జమ్మలమడుగు పేరే పెట్టాడు. ఇదే రాయి మన సిమెంటు ఫ్యాక్టరీలకూ మేత.

ఈ రాయి మెత్తన, కానీ పొర రాయి. సింకు కోసం గట్టు బండలో చతురస్రం కోసేటప్పుడు ఒక్క దెబ్బకు లోతుగా దించితే మూల దగ్గర పగులు లోపలికి పాకుతుంది. మా ఇంటికి పనిచేసిన బండల మేస్త్రి మొదట గీత గీసినట్టు పైపైన ఒకసారి పోయేవాడు, తర్వాత మూడు నాలుగు సార్లు అదే గీత మీద. “దానంతట అది దిగల్ల, మనం ఒత్తగూడదు బ్బా” అనేవాడు. కనపడే అంచుకు గాట్లు లేని డైమండ్ బ్లేడు వాడాలి. ఆలస్యమవుతుంది, అంచు శుభ్రంగా వస్తుంది. గాట్ల బ్లేడు వేగంగా కోసి అంచును పెచ్చులూడగొడుతుంది.

దుమ్ము గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. జమ్మలమడుగు నుంచి గండికోటకు పోయే లోపలే రాయి మారిపోతుంది. పెన్న కోసిన ఆ లోయ గోడలు క్వార్ట్‌జైట్, అంటే దాదాపు అంతా సిలికా. అసలైన గ్రానైట్‌లోనూ క్వార్ట్‌జ్ ఐదో వంతుకు పైనే. నాపరాయిలో తక్కువ, బొత్తిగా లేకపోలేదు. ఆ సన్నటి పొడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్, దానికి నయం లేదు. ముఖానికి కట్టుకున్న తువ్వాలు ఆ పొడిని ఆపదు. ఎన్-95 మాస్కు కావాలి, బండను తడపాలి. గ్రైండర్ మీద నీళ్లు పోయకూడదు, గాలి రంధ్రాల్లోంచి కరెంటుకు తగులుతాయి. రాయి పని ఎక్కువుంటే నీటి పైపు ఉన్న మార్బుల్ కట్టర్ తీసుకుని, లైనుకు కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాలి.

పులివెందులలో అరటి, చీనీ తోటల మధ్య మోటారు షెడ్డు మీద సిమెంటు రేకు. అక్కడి మనిషి గ్రైండర్ కొనేది ఎక్కువగా బోరు పైపు కోయడానికి, రేకు సరిచేయడానికి. ఆ రేకులో ఉండే ఆస్బెస్టాస్ లాంటిదే ఆ నేలలోనూ ఉండడం నన్ను ఎప్పుడూ కలవరపెడుతుంది. వేంపల్లె పేరు పెట్టిన సున్నపురాయిలోకి కరిగిన నల్లరాయి చొచ్చుకొచ్చిన చోట, బ్రాహ్మణపల్లె దగ్గర, క్రిసోటైల్ అనే ఆ నారరాయి ఏర్పడింది. దాన్ని గనులు పెట్టి తవ్వారు. ఆస్బెస్టాస్ ఏ రకమైనా క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది. రేకుగా ఉన్నంతసేపు నార సిమెంటులో బిగిసి ఉంటుంది, గ్రైండర్ పెడితే పొగలా లేస్తుంది. కాబట్టి సిమెంటు రేకుకు ఏ గ్రైండరూ మంచిది కాదు. తప్పదంటే తడిపి, చేతి రంపంతో, మాస్కుతో కోయండి. కొత్తగా వేసేవాళ్లు ఇనుప రేకు వేసుకోండి.

ఇంటికైతే 700 నుంచి 900 వాట్ల నాలుగంగుళాల మిషను చాలు. రోజూ వెల్డింగ్ చేసేవాడు ఐదంగుళాలది తీసుకోవచ్చు. దానికి కార్బన్ బ్రష్షులు, ఆర్మేచర్ మీ ఊళ్లో దొరుకుతాయో లేదో ముందే అడగండి. పట్టు వదిలితే ఆగిపోయే స్విచ్ ఉంటే రెండొందలు, మూడొందలు ఎక్కువైనా అదే తీసుకోండి. కౌంటర్ దగ్గర గార్డు బిగించి చూపమనండి. స్లైడు స్విచ్ మిషనైతే, తర్వాత దాన్ని గట్టిగా పట్టుకోమని, స్విచ్ ఆన్‌లోనే ఉంచి ప్లగ్గు పీకి మళ్లీ పెట్టమనండి. దానంతటదే తిరిగిందా, ఆ మిషను అక్కడే వదిలి రండి.