ఇసుకకు సున్న, చిత్తడికి ఒకటి

తెనాలి జంక్షనునుండి దక్షిణముగా రెండు రైలుమార్గములు చీలిపోతవి. ఒకటి నిడుబ్రోలు మీదుగా బాపట్లకు, రెండవది వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లెకు. తెనాలి చుట్టూ కాలువల క్రింద వరి మాగాణి ఉన్నది. బాపట్ల దాటి సూర్యలంక వైపు నడిస్తే కాళ్ళక్రింద ఇసుక. రేపల్లె దాటి నిజాంపట్నం చేరితే ఉప్పునీటి కాలువలు, చిత్తడి, మడ అడవులు. ఈ మూడింటిలో ఏది మంచి నేల అని అడిగితే ప్రతి విద్యార్థీ తెనాలి అనే చెప్పును. మిగిలిన రెండింటిలో ఏది మేలు అని అడిగితే జవాబు అంత సులభము కాదు. కంప్యూటరుపై వ్యూహపు ఆటలు ఆడే బాలబాలికలు మాత్రము ఇటువంటి ప్రశ్నను ఆట ఆటకూ తేల్చుకుంటూనే ఉన్నారు. ఆ ఆటలు వారికి నేర్పుచున్న లెక్క సరియైనదేనా?

మన చదరంగములోను, పులిజూదములోను నేల అన్న మాటే లేదు. స్థానబలము తప్ప గడికీ గడికీ భేదము లేదు. నేలకే వెల కట్టుట నవీనమైన ఆటల పద్ధతి. 1995లో జర్మనీలో క్లౌస్ టాయ్‌బర్ రూపొందించిన 'కటాన్' అను ఆటలో ఎడారి గడి ఏమియు ఇవ్వదు. దొంగ పావు మొదట నిలుచునది కూడ అక్కడనే. 1991లో సిడ్ మైయర్ ప్రారంభించిన 'సివిలైజేషన్' వరుసలో ప్రతి గడికీ మార్కులు ఉన్నవి. 2010లో వచ్చిన అయిదవ ఆటలో పచ్చికనేలకు ఆహారము 2, చిత్తడికి 1, చదునైన ఎడారికి సున్న.

ఈ ఆటలో మెచ్చుకొనవలసిన సంగతి ఒకటి కలదు. అదే ఎడారి గడి ప్రక్కన నది పారితే దాని ఆహారము 2 అగును. అనగా నేల విలువ నేలలోనే లేదు. నీటిలోను, మనిషి పనిలోను ఉన్నది. ఇందుకు తెనాలియే సాక్ష్యము. 1832-33 నాటి నందన కరువులో గుంటూరు సీమ జనము వేలకు వేలు చనిపోయినారు. 1855లో బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైన తరువాతనే డెల్టాకు నికరమైన సాగునీరు వచ్చినది. 1957లో ప్రకాశం బరాజు దాని స్థానమును తీసుకొన్నది. మట్టి మారలేదు, నీటి ఏర్పాటు మారినది.

అయితే ఆట చూడనిది ఇసుక అడుగున ఉన్నది. బాపట్ల తీరము ఎడారి కాదు, వానలు పడే చోటు. ఇసుకలో నీరు పైన నిలువదు గనుక సులభముగా క్రిందికి ఇంకును. మంచినీరు సముద్రపు నీటికంటె తేలిక. అందుచేత ఇంకిన వాననీరు అడుగునున్న ఉప్పునీటిపై పొరవలె తేలియుండును. లెక్క ప్రకారము సముద్రమట్టమునకు పైన 1 అడుగు మంచినీరు ఉంటే, క్రింద సుమారు 40 అడుగుల మంచినీరు ఉండవచ్చును. రైతులు ఇసుకలో దొరువులు త్రవ్వి ఈ నీటితోనే నారుమళ్ళు, కూరగాయలు పెంచినారు. బాపట్ల వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఈ దొరువునే మెరుగుపరచి, రంధ్రములు గల గొట్టములను నీటిపొరలో అడ్డముగా పరచి, పైపొరను మెల్లగా మీగడవలె తీసికొను పద్ధతిని రూపొందించినారు. ఆత్రపడి లోతునుండి తోడితే ఉప్పునీరు పైకి వచ్చును. అయిదవ ఆటలో ఎన్నివేల ఏండ్లు వాడినను గడి మార్కులు తరగవు. ఇది మొదటి దోషము.

చిత్తడి విషయములో దోషము మరింత పెద్దది. అయిదవ ఆట చెప్పు ఉపాయము: పనివానిని పంపి నీరు తీయించుము, 1 కాస్తా 2 అగును. 2016లో వచ్చిన ఆరవ ఆటలో చిత్తడికి ఏకముగా 3 ఇచ్చినారు. ఆరేండ్లలో లోకములోని చిత్తడినేలలు మారలేదు. లెక్క వేయువారి అభిప్రాయము మారినది. కాని రెండు లెక్కలలోను ఆ గడిలో దొరకు తిండియే ప్రధానము. మడ అడవి చేయు పని ఇరుగుపొరుగు గళ్ళలో కనబడును. రొయ్యపిల్లలు, పీతలు, చేపపిల్లలు మడవేళ్ళ నడుమ పెరిగి మరొకచోట వలకు చిక్కును. అంతకంటె ముఖ్యమైనది తుఫానునాటి సంగతి. 1977 నవంబరు 19న రేపల్లెకు ఏటి ఆవలనున్న దివిసీమపై ఉప్పెన విరుచుకుపడి వేలమందిని పొట్టనబెట్టుకొన్నది. 1999 ఒడిశా తుఫానును గురించి 2009లో వెలువడిన ఒక పరిశోధనలో, సముద్రమునకు ఊరికి నడుమ మడ అడవి వెడల్పుగా ఉన్న గ్రామములలో మరణములు తక్కువని తేలినది. ఆరవ ఆటకు 2019లో చేర్చిన అనుబంధములో సముద్రము పొంగి తీరపు గళ్ళు మునుగును. మంచి చేర్పే. అయితే అక్కడ నీటిని ఆపునది మనిషి కట్టిన గోడయే కాని అడవి కాదు.

కనుక నా తీర్పు ఇది. ఇసుకకు సున్న తగదు; ఓపికతో వాడువానికి అది నీటికుండ. చిత్తడి అంతకంటె విలువైనది. ఇసుకలో మంచినీరు తరిగినను మంచి వానలు కురిస్తే కొంత తిరిగి చేరును. మడ అడవిని కొట్టి రొయ్యల చెరువు త్రవ్వితే దానిని మరల పెంచుట ఏండ్లతరబడి పని. లాభము చెరువు యజమానిది, నష్టము వెనుకనున్న ఊరిది.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే పరీక్షింపవచ్చును. నల్లబల్లపై తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతమును గళ్ళుగా గీయించండి. ప్రతి గడికి ఒకటి కాక మూడు అంకెలు వేయించండి: తనకు తాను ఇచ్చునది, ప్రక్క గడికి ఇచ్చునది, చెడితే కోలుకొనుటకు పట్టు ఏండ్లు. ఆ పిమ్మట ఆట ఆడించండి. మొదటి అంకెను మాత్రమే చూచి ఆడినప్పుడు ఎందరు చిత్తడిని ఎండగట్టినారో, మూడింటిని చూచి ఆడినప్పుడు ఎందరో లెక్కించండి.