గుడ్డులో నరానికి సూది

కర్నూలు పెరిగి పెరిగి హంద్రి అవతలి కల్లూరును తనలో కలిపేసుకుంది. అయినా కల్లూరు మండలం పల్లెల వైపు పోతే ఇప్పటికీ ఎండ ముదరకముందే జీవాల మందలు రోడ్డెక్కుతాయి. పంట తీసిన చేలో ఎరువు కోసం రైతులు పిలిచి మరీ మంద పెట్టించుకుంటారు. వాన ముఖం చాటేసిన ఏడు కూడా గొర్రె ఎంతో కొంత చేతిలో పెడుతుంది. గండమంతా వాన బాగా పడిన ఏడే. నేల తడిసి, పేడా బురదా కలిసి, సాయంత్రాలు చిన్న చిన్న దోమలు లేచే నెలల్లో గొర్రెల మూతులు వాస్తాయి. రాయలసీమలో వానకు భయపడే జీవి ఏదైనా ఉందంటే అది గొర్రె.

ఆ రోగం పేరు నీలి నాలుక. మన దేశంలో దాన్ని మొదటిసారి మహారాష్ట్ర గొర్రెల్లో గుర్తించింది 1964లో. తర్వాత అది దక్షిణాదినే గట్టిగా పాతుకుపోయింది. ఆంధ్ర, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటకల్లో మన నాటు జాతులే దానికి కూలిపోతుంటే, ఉత్తరాది మందల్లో అంత తీవ్రత కనబడదు. ఎందుకన్నది పెద్ద చర్చ. పి.పి. రావు, ఎన్.ఆర్. హెగ్డే తదితరులు 2016లో దేశమంతటి లెక్కలు కూర్చి రాసిన సమీక్షా వ్యాసం ఆ చర్చకు మంచి ద్వారం. నేనిక్కడ చెప్పదలుచుకున్నది ఆ రోగాన్ని పట్టుకునే వాళ్ల పనితనం గురించి. చేతిపని, కంటిపని, ఓపిక కలిసిన విద్య అది. దాన్ని నడిపేది అనుమానం. ప్రతి మెట్టు దగ్గరా ‘ఇది అదేనా, ఇంకోటా’ అని తనను తాను నిలదీసుకుంటుంది.

ఆ అనుమానం మంద దగ్గరే మొదలవుతుంది. “సార్, నిన్నట్నుంచి మేత ముట్టల్యా. మూతి సూడండి ఎట్ల వాచిందో” అని కాపరి అనగానే పశువుల డాక్టరు ముందు నాలుగైదు రోగాలు వరుసకట్టి నిలబడతాయి. నోట్లో పొక్కులు, నడకలో కుంటు ఉంటే గాలికుంటు కావచ్చు. ముక్కు కారుతూ కంపుకొట్టే విరేచనాలు పట్టుకుంటే పారుడు రోగం కావచ్చు. పెదవుల మీద పెచ్చులు కడితే మూతిపుండ్లు, బొచ్చు లేని చోట్ల బొబ్బలు లేస్తే గొర్రె మశూచి. నీలి నాలుకలోనూ మూతి వాస్తుంది, చొంగ కారుతుంది, ముక్కు చుట్టూ చీమిడి ఎండి గట్టిపడుతుంది. నాలుక నీలబడటం మాత్రం కొన్నింట్లోనే చూస్తాం. అందుకే ఆరితేరిన డాక్టరు నోరు చూసి ఊరుకోడు. గొర్రెను పడుకోబెట్టి, కాలి బురద తుడిచి, గిట్టా చర్మమూ కలిసే చోటు చూస్తాడు. అక్కడ ఎర్రగా కమిలిన పట్టీ కనబడితే అనుమానం ఒకవైపు మొగ్గుతుంది. అంతే, తేలిపోదు. తేల్చేది నెత్తురు.

మెడ దగ్గరి నరం నుంచి నెత్తురు తీసి, గడ్డకట్టనివ్వని మందు వేసిన గొట్టంలో పోసి, ఐసు పక్కన పెట్టి పంపుతారు. ఐసు పక్కన పెట్టొచ్చు గానీ నెత్తురు మాత్రం గడ్డకట్టేంత చల్లబడకూడదు. తెలియనివాళ్లు ఇక్కడే చెడగొడతారు. ఈ వైరస్ ఎర్ర రక్తకణాల పైపొర ముడతల్లో ఇరుక్కుని కూర్చుంటుంది. గొర్రె ఒంట్లో దాని మీదికి ప్రతిరక్షకాలు తయారైనా, ఆ ముడతల్లో ఉన్నంత కాలం వాటి చేతికి చిక్కదు. అందుకే జ్వరం తగ్గిన వారాల తర్వాత కూడా నెత్తురులో దొరుకుతుంది. నెత్తురు మంచులా గడ్డకడితే కణాలు పగులుతాయి, దాక్కున్న వైరస్ బయటపడుతుంది, చుట్టూ ఉన్న ప్రతిరక్షకాలు దాన్ని పట్టుకుంటాయి. ప్రయోగశాలలో మొదటి పని కూడా ఈ వరసనే నడుస్తుంది. కణాలను మళ్లీ మళ్లీ కడిగి ప్రతిరక్షకాలను పారబోస్తారు. పూర్తిగా కడిగాక గానీ కణాలను పగలగొట్టరు. వరస తిరగబడితే ఉన్న వైరస్ కూడా లేనట్టే అయిపోతుంది.

ఇక గుడ్డు. నా దృష్టిలో ఈ పని మొత్తంలో అందమైన ఘట్టం ఇదే.

తొమ్మిది నుంచి పన్నెండు రోజులు పొదిగిన కోడిగుడ్డు కావాలి. చీకటి గదిలో వెలుగుకు అడ్డంపెట్టి చూస్తే లోపల పిండం కదలడం, దాని చుట్టూ నరాలు ఎర్రగా పాకి ఉండటం కనబడతాయి. లావుగా, నిదానంగా ఉన్న ఒక నరాన్ని ఎంచుకుని పెంకు మీద పెన్సిలుతో గీత గీస్తారు. గుడ్డు లోపలికి ఎక్కడో అక్కడ ఎక్కించి సరిపెట్టుకునే పద్ధతులూ ఉన్నాయి. కానీ ఈ వైరస్‌కు నేరుగా నెత్తురులోకి ఎక్కిస్తేనే ఎన్నో రెట్లు బాగా అంటుకుంటుందని 1960ల చివర్లోనే తేలింది. అందుకని నరమే కావాలి. గీత చుట్టూ చిన్న పళ్ల చక్రంతో పెంకును కోస్తారు, అడుగున ఉన్న తెల్లటి పొర మాత్రం చిరగకూడదు. ఒక పిసరు బలం ఎక్కువైతే పొర తెగి నెత్తురు చిమ్ముతుంది, ఆ గుడ్డు పనికిరాదు. పెంకు ముక్క లేచాక పొర మీద ఒక బొట్టు నూనె వేస్తారు. అప్పటిదాకా తెల్లగా అడ్డం నిలిచిన పొర నూనె పడ్డ కాగితంలా పారదర్శకమవుతుంది, కింద నరం స్పష్టంగా తేలుతుంది. వెంట్రుకకు కాస్త లావుండే సూదితో నరం పారే దిక్కుకే గుచ్చి, మిల్లీలీటరులో పదోవంతు నెత్తుటి ద్రావణం వదులుతారు. సూది సరిగ్గా నరంలోనే ఉంటే ద్రావణం పోయిన దారి వెంట ఎరుపు ఒక్క క్షణం తెల్లబడి మళ్లీ నిండుతుంది. తెల్లబడలేదా, సూది పక్కకు పోయినట్టే. చేతికి తన పని సరిగ్గా జరిగిందో లేదో చెప్పే గుర్తు అక్కడికక్కడే కనబడుతుంది. తర్వాత పెంకులో కోసిన కిటికీని మూసి, పొదుగుడు పెట్టెలో పెడతారు. పిల్లల కోసం పొదిగే వేడిలో పెట్టరు, నాలుగు డిగ్రీలు తగ్గించి 33.5 డిగ్రీల దగ్గర ఉంచుతారు. ఆ వేడిలో ఈ వైరస్ బాగా పెరుగుతుంది.

ఇక రోజూ వెలుగుకు పట్టి చూడటమే. మొదటి 24 గంటల్లో చచ్చిన పిండాలను తీసి పారేస్తారు. సూది గాయానికి పోయిందో, మైలపడి పోయిందో, వాటిని లెక్కలోకి తీసుకోరు. రెండో రోజు నుంచి ఏడో రోజు లోపు చచ్చినవాటినే దాచుకుంటారు. గుడ్డు పగలగొడితే పిండం ఒళ్లంతా నెత్తురు కమ్మి చెర్రీ పండు రంగులో ఉంటుంది. పిండం చచ్చింది కాబట్టి వైరస్ ఉందని సంబరపడకుండా మొదటి రోజు చావులను పక్కన పడేయడం నాకు ఇందులో బాగా నచ్చే సంగతి. ఫలితం వచ్చేసిందన్న ఆశను ఆపుకోవడం చాలా చోట్ల కనబడని గుణం.

పీసీఆర్ యంత్రాలొచ్చాక ఈ గుడ్ల గొడవ ఎందుకని అడిగేవాళ్లున్నారు. పీసీఆర్ గంటల్లో జవాబిస్తుంది, కాదనను. కానీ అది చెప్పేది వైరస్ జన్యుపదార్థం ఉందని మాత్రమే. ప్రాణమున్న వైరస్ గొర్రె ఒంట్లోంచి పోయాక కూడా ఆ జాడ నెలల తరబడి పీసీఆర్‌కు దొరుకుతుంది. టీకా తయారీకీ, కొత్త రకాలను పోల్చి చూడటానికీ ప్రాణమున్న వైరస్సే కావాలి. యంత్రం దారి చూపితే, గుడ్డు సరుకు చేతికిస్తుంది.

పిండం నుంచి తీసిన వైరస్‌ను ముందు దోమ కణాల్లో పెంచుతారు. ఆ కణాలు వైరస్‌ను మోస్తాయి గానీ పైకి దెబ్బతిన్నట్టు కనబడవు. బయట చేలల్లో జరిగేదీ ఇదే కదా. మోసే దోమ హాయిగా ఎగురుతుంది, గొర్రె కూలుతుంది. అక్కడి నుంచి 1960ల మొదట్లో తయారైన హామ్‌స్టర్ మూత్రపిండ కణాల్లోకి మారిస్తే ఆ కణాలు గుండ్రబడి, ఊడి, తేలిపోతాయి. ఇక వైరస్ ఉన్నట్టే. దాని జన్యుపదార్థం పది ముక్కలుగా ఉంటుంది. జెల్ మీద కరెంటు పెట్టి నడిపిస్తే బరువైనవి వెనక, తేలికవి ముందు, మూడు, మూడు, మూడు, ఒకటి అన్న వరసలో గీతలు పడతాయి. ఆ వరస చూసి ఇది ఈ కుటుంబపు వైరస్సేనని అనుభవం ఉన్నవాళ్లు చూపుతోనే పసిగడతారు. రకం తేల్చడానికి మాత్రం ఇంకో మెట్టు. ఒక్కో రకానికి విరుగుడైన సీరాన్ని వేరువేరుగా కలిపి చూస్తారు, ఏ సీరం ముందు వైరస్ ఆగిపోతే అదే దాని రకం. ప్రపంచంలో మొదట 24 రకాలు అనుకున్నారు, 2008 నుంచి స్విట్జర్లాండు, కువైటు లాంటి చోట్ల కొత్తవి దొరికి సంఖ్య పెరిగింది. మన దేశంలో ఇరవైకి పైగా రకాల జాడలున్నాయి.

రోగాన్ని మోసే దోమలను పట్టి చూసే పని వేరే. మూడు మిల్లీమీటర్లకు మించని, క్యూలికాయిడ్స్ అనే దోమలాంటి ఈ పురుగులే రోగాన్ని మోస్తాయని 1944లో దక్షిణాఫ్రికాలోని ఒండర్‌స్టెపూర్ట్ పరిశోధకుడు డు టాయిట్ చూపాడు. గుడ్డులో ఈ వైరస్‌ను పెంచిందీ ఆ దేశం వాళ్లే, 1940లో. రాత్రి మంద పక్కన అతినీలలోహిత దీపం, చిన్న ఫ్యాను ఉన్న బోను పెడితే పొద్దునకు వేల పురుగులు పడి ఉంటాయి. సూక్ష్మదర్శిని కింద రెక్కల మీది మచ్చలు చూసి జాతులు విడదీయాలి. ఆడ దోమ పొట్టలో ముదురు ఎరుపు రంగు చేరి ఉందంటే అది ఒకసారి గుడ్లు పెట్టిందని అర్థం. గుడ్లు పెట్టాలంటే అంతకు ముందు ఎవరి నెత్తురో తాగి ఉండాలి. రోగం మోసే అవకాశం ఉన్నది అలాంటి దోమే. ఈ సంగతి 1969లో ఆస్ట్రేలియాలో డైస్ అనే కీటక శాస్త్రవేత్త పట్టుకున్నాడు. పొట్ట రంగులో దోమ వయసును చదవడం మామూలు చూపుకు అందే పని కాదు. మన కాపరులు చీకటి పడేవేళ మంద చుట్టూ వేపాకు పొగ పెడతారు, వాళ్లది కూడా దోమల వేళ తెలిసిన లెక్కే.

ఇంత వడపోత ఎందుకో టీకా దగ్గరికి వస్తే తెలుస్తుంది. ఒక రకానికి వేసిన టీకా ఇంకో రకాన్ని సరిగ్గా ఆపదు. ఇరవై రకాలనూ ఒక సీసాలో పోయలేరు. ఐసీఏఆర్ దేశవ్యాప్త కార్యక్రమం కింద రాజేంద్రనగర్, చెన్నై, ముక్తేశ్వర్ లాంటి చోట్ల ఏళ్లపాటు వేరుచేసిన వైరస్‌ల నుంచి 1, 2, 10, 16, 23 అనే అయిదు రకాలను ఎంచుకుని టీకా చేశారు. దాన్ని 1982లో ఎన్‌డీడీబీ హైదరాబాదులో పెట్టిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ రక్షా బ్లూ పేరుతో అమ్ముతోంది. ప్రాణం తీసిన వైరస్‌తోనే చేయాలన్న నిర్ణయాన్ని నేను మెచ్చుకుంటాను. బలహీనపరిచిన ప్రాణమున్న టీకా చవక, ఒక్క సూదితో పని చేస్తుంది. కానీ టీకా వేసిన గొర్రెను దోమ కుడితే ఆ వైరస్ బయటికి పోగలదు. ఇంకో రకంతో కలిసి జన్యు ముక్కలు మార్చుకోగలదు కూడా. ఇటలీలో అలా టీకా వైరస్ మందల్లో తిరగడం చూశారు. మన చేలల్లో ఇప్పటికే ఇరవై రకాలుంటే ఇంకోదాన్ని వదలడం ఎందుకు? చిక్కల్లా ఈ టీకా వానలకు ముందే వేయాలి, మళ్లీ ఇంకోసారి వేయాలి. ఆ నెలల్లో మందలు మేత వెతుక్కుంటూ కేసీ కాలువ కిందికో, ఇంకా దూరానికో పోయి ఉంటాయి. ప్రయోగశాల పనితనమంతా ఇక్కడ ఆగిపోతుంది.

ఇంకో పనితనం సంగతి చెప్పాలి, అది పశువుల రోగం మనుషులను ఎలా కుంగదీస్తుందో పట్టుకునేది. 2001లో బ్రిటన్‌లో గాలికుంటు వ్యాపించి అరవై లక్షలకు పైగా పశువులను చంపారు. ఎక్కువ నష్టం కంబ్రియాలో. లాంకాస్టర్ విశ్వవిద్యాలయం నుంచి మ్యాగీ మోర్ట్ బృందం అక్కడి 54 మందితో వారం వారం డైరీలు రాయించింది, పద్ధెనిమిది నెలలపాటు. రైతులు, పశువుల డాక్టర్లు, వైద్య సిబ్బంది, ఊళ్లో దుకాణాల వాళ్లు, అందరూ అందులో ఉన్నారు. మూడు వేలకు పైగా డైరీలు పోగయ్యాయి. 2005లో బీఎంజే వైద్య పత్రికలో వచ్చిన వాళ్ల వ్యాసం చదివితే, రోగం పోయాక కూడా అయినవాళ్లను పోగొట్టుకున్నంత దుఃఖం, నిద్రలో మళ్లీ మళ్లీ వచ్చే దృశ్యాలు, అధికారుల మీద నమ్మకం పోవడం ఎలా మిగిలిపోయాయో కనబడుతుంది. మామూలుగా మానసిక ఆరోగ్యం కొలవడానికి ఒక ప్రశ్నపత్రం ఇచ్చి, గుర్తులు పెట్టించి, ఒకే రోజులో తేల్చేస్తారు.  ఒక రోజు బాధ ఆ రోజుదేనా, ముదిరిందా, తగ్గిందా అన్నది అందులో తెలియదు. మొదటి రోజు చావులను పారేసి ఏడో రోజు దాకా ఆగే ఓపిక లాంటిదే ఈ డైరీల వెనకా ఉంది.

నీలి నాలుక మన కాపరులను ఎలా కుంగదీస్తుందో ఇలా పట్టుకోవాలంటే డైరీ పనికిరాదు. మంద వెంట నడిచే మనిషి చేత వారానికో పేజీ రాయించలేం. ఫోన్లో గొంతు రికార్డు చేసి పంపమంటే పంపుతాడు, దానికి తన మాట చాలు. అతని భార్యను విడిగా అడగాలి, పిల్లల ఫీజు, చీటీ డబ్బు ఏ వారం ఆగిందో ఆమె చెబుతుంది. ఊళ్లోని పశుసంవర్ధక సహాయకుణ్ణి కూడా కలపాలి. సూది వేసినా గొర్రె పోతే ఆ మాట మొదట పడేది అతనే. వానలు మొదలవకముందే రికార్డు మొదలుపెట్టి, రోగం లేని వారాల గొంతులు కూడా దాచాలి. అవి లేకుండా రోగం వచ్చిన వారాల గొంతును దేనితో పోల్చి చూస్తాం?