ఒక్క జవాబు రాకపోతే

ఒక పేజీ తెరిస్తే వెనక ఎన్నో రిక్వెస్టులు వెళ్తాయి. వాతావరణం ఒక సర్వర్ చెప్పాలి, వార్తలు మరొకటి పంపాలి. ముందు అడిగినది ముందే వస్తుందన్న హామీ లేదు. జావాస్క్రిప్ట్‌లో ఈ జవాబులన్నీ ఒకచోట చేర్చే పని నాకెంతో ఇష్టం. చూసేవాళ్ల మీద మనకెంత శ్రద్ధ ఉందో అక్కడే తేలిపోతుంది.

2015లో, తర్వాత రాబోయే జవాబుకు గుర్తుగా నిలిచే ప్రామిస్‌లు భాషలో చేరకముందు, ఎన్ని జవాబులు వచ్చాయో కౌంటర్ పెట్టి మనమే లెక్కపెట్టేవాళ్లం. ప్రామిస్.ఆల్ ఆ బాధ తీర్చింది. జవాబులు ఎలా ముందువెనకలుగా వచ్చినా, మనం అడిగిన వరసలోనే అప్పగిస్తుంది. కానీ ఒక్కటి విఫలమైతే మొత్తం విఫలమైనట్టే. మిగతా రిక్వెస్టులు ఆగవు, వాటి దారిన అవి సాగుతాయి. వాటి ఫలితాలు మాత్రం ప్రామిస్.ఆల్ మనకివ్వదు.

వార్తలు రాలేదని వాతావరణం కూడా దాచేయడం అన్యాయమని నా గట్టి నమ్మకం. 2020లో వచ్చిన ప్రామిస్.ఆల్‌సెటిల్డ్ ఏది అందిందో, ఏది అందలేదో విడివిడిగా చెబుతుంది. అందినది చూపించి, అందనిచోట ఆ సంగతే రాయొచ్చు. టికెట్ ధర ఒకచోట నుంచి, పన్ను మరోచోట నుంచి తెచ్చి డబ్బు కట్టమనేటప్పుడు మాత్రం ఏ ఒక్కటి లేకపోయినా ముందుకు వెళ్లకూడదు. అక్కడ ప్రామిస్.ఆల్ వాడటమే న్యాయం.

రిక్వెస్టులు పంపే ఫెచ్‌తో ఇంకో జాగ్రత్త కావాలి. సర్వర్ 404 (దొరకలేదు) అన్నా, 500 (సర్వర్‌లోనే లోపం) అన్నా ఫెచ్ దాన్ని వైఫల్యంగా లెక్కించదు, జవాబు వచ్చిందనే అనుకుంటుంది. రెస్పాన్స్.ఓకే చూసి, అది నిజం కాకపోతే మనమే ఎర్రర్ విసరాలి. లేదంటే ఆల్‌సెటిల్డ్ కూడా అంతా సవ్యమనే చెబుతుంది.

సెర్చ్ పెట్టె సంగతి వేరు. టైప్ చేస్తుండగా ‘విజయ’ దగ్గర ఒక రిక్వెస్టు, ‘విజయనగరం’ పూర్తయ్యాక మరొకటి వెళ్తాయి. మొదటిదాని జవాబు ఆలస్యంగా వచ్చి పడితే, విజయనగరం అడిగినవారికి విజయవాడ కనిపిస్తుంది! ఏ ఎర్రరూ ఉండదు, తప్పు సమాచారం మాత్రం తెర మీద ఉంటుంది. కొత్త రిక్వెస్టు పంపేముందు పాతదాన్ని అబార్ట్‌కంట్రోలర్‌తో రద్దు చేయాలి. ఆఫీసులోని వేగమైన నెట్ మీద ఈ తప్పు తొందరగా బయటపడదు. పల్లెలో సిగ్నల్ అందీ అందని ఫోన్ పట్టుకున్నవారికే ఎదురవుతుంది.

అందుకే, ఈ పని చేసే మిత్రులకు ఒక మనవి. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్ వేగం తగ్గించి, ఒక సర్వర్‌ను కావాలనే ఆపి, మీ పేజీని ఒకసారి తెరిచి చూడండి.